అక్క పేరు మీది పాలసీ

సముద్రానికి రెండో వరసలో ఒక డాబా ఇల్లు. సాయంత్రం నాలుగు దాటింది. వరండాలో బావా, ఇన్సూరెన్సు ఏజెంటు అయిన బావమరిదీ.

"...అది కాదు బావా, ప్రీమియం మూడింతలంటే మూడింతలు. ఊరికే అనడం లేదు."

"విన్నాను. ఇప్పటికి నాలుగుసార్లు చెప్పావు. లోపలికి రారా, ఈ గాలికి నీ కాగితాలు ఎగిరిపోతాయి."

"ఇక్కడే బాగుంది. కాళ్ళకి ఇసుక కూడా ఉంది."

"మీ అక్క పోయిన దగ్గర్నుంచీ నీ కాళ్ళకి ఇసుకే. ఎనిమిది నెలల ఇసుక. సరే, ఇక్కడే కూర్చో. మూడింతలు ఎందుకో నెమ్మదిగా చెప్పు."

"ఇంటి పాలసీ అక్క పేరు మీద ఉంది. పదకొండేళ్ళ నాటిది కాబట్టి పాత రేటే నడుస్తోంది. నీ పేరుకి మారిస్తే కంపెనీ లెక్కలో అది కొత్త పాలసీ. కొత్తదంటే మళ్ళీ కొలతలు. నీళ్ళకి ఇల్లు ఎంత దూరం, కప్పు ఏ రకం, కిటికీలకి షట్టర్లున్నాయా..."

"దూరం ఎంతట?"

"నాలుగొందల మీటర్లు."

"మేం కట్టుకున్నప్పుడు ఐదొందలు ఉండేది."

"సముద్రం జరిగింది."

"మేం జరగలేదుగా. జరిగినవాళ్ళ దగ్గర వసూలు చేసుకోమను."

"ఆ ముక్క సర్వేయరుతో అను. నీతో టీ తాగుతాడు, నవ్వుతాడు, నాలుగొందలనే రాసుకుని పోతాడు."

"ఎదురింటి డాక్టరు ఏం చేశాడు?"

"మానేశాడు. కట్టే డబ్బు దాచుకుంటే సొంతంగా ఇంకో గోడ లేపుకోవచ్చన్నాడు. మందుల షాపాయన ఇల్లే అమ్మకానికి పెట్టాడు. బీమా లేని ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు, అప్పు దొరక్క కొనేవాడు రావడం లేదు. రోజూ పొద్దున బోర్డు తుడుచుకుంటున్నాడు."

"మరి నీ ఇంటికి ఉందా?"

"నాది అద్దిల్లు. తుఫానంటే నాకు సంచీ సర్దుకోవడమే."

"అదృష్టవంతుడివి. సరే, మూడింతలు కడతాను. రాయి."

"ఏంటి రాసేది? నీ పెన్షనెంత బావా?"

"సామాను తగ్గిద్దాం. ఇంటికి వేరే, లోపలి సామానుకి వేరే కదా. లిస్టు తియ్యి. టీవీ కొట్టెయ్. నేను చూసేది వార్తలే, అవి ఎవరింట్లోంచైనా వినపడతాయి."

"బావా..."

"వాషింగ్ మెషీను కొట్టెయ్. ఒక్కడి బట్టలకి అదెందుకు. సోఫా కొట్టెయ్. పోయినసారి తుఫానుకే ఒకసారి తడిసింది, దానికేం కొత్త కాదు. పుస్తకాలు ఉంచు. లేదు, అవీ కొట్టెయ్. తడిసిన పుస్తకాలకి మీవాళ్ళు తూకం లెక్కనే ఇస్తారు."

"ఫ్రిజ్జో?"

"ఫ్రిజ్జు ఉంచు. పక్కింటావిడ మధ్యాహ్నం వచ్చి, రెండు రోజులకి సరిపడా వండింది అందులో సర్దింది. వెళ్తూ వెళ్తూ కిటికీ అద్దాలకి టేపు అంటించింది. నేను అడగలేదురా. గీత గీసినట్టు అంటించింది చూడు, ఒక్కచోట ముడత లేదు. అలాంటివాళ్ళున్న వీధిలో ఫ్రిజ్జు ఉండాలి."

"ఇదంతా ఎందుకు బావా? ఇవాళ్టికి అక్క పేరు మీదే రెన్యూ చేసేద్దాం. పాత రేటే పడుతుంది. ఒక్క ఫోనుతో అయిపోతుంది. మిగతాది వచ్చే ఏడు చూద్దాం."

"పోయిన మనిషి పేరు మీద పాలసీ చెల్లుతుందా?"

"రెన్యూ అవుతుంది."

"నేనడిగింది అది కాదు. ఎల్లుండి వస్తుందంటున్న ఆ వాయుగుండం వచ్చి ఇల్లు కూలిందనుకో. డబ్బిస్తారా?"

"కూలదు. స్లాబు ఇల్లు."

"ఇస్తారా, ఇవ్వరా?"

"క్లెయిముకి పాలసీదారు సంతకం అడుగుతారు."

"అంటే ఇవ్వరు."

"...ఇవ్వరు."

"బయటివాళ్ళకైతే ఇలాగే చేసుకోమని చెప్తావా?"

"చెప్పను."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"మూడింతలు బావా. నీ మీద పడుతుందని."

"టైమెంతయింది?"

"నాలుగూ నలభై."

"పేరు పెడితే ఆపేస్తారన్నావు, ఏంటది? పొద్దున ఫోనులో సరిగ్గా అర్థం కాలేదు."

"వాయుగుండం తుఫానైతే దానికో పేరు పెడతారు కదా. పేరు పెట్టారంటే, అది దాటిపోయేదాకా ఏ కంపెనీ కొత్త పాలసీ రాయదు. ఐదింటి బులెటిన్‌లో పెడతారంటున్నారు. మా ఆఫీసు కూడా ఐదింటికే మూసేస్తుంది."

"పాత పాలసీ ఎప్పటిదాకా?"

"ఇవాళ్టితో సరి."

"అంటే ఐదింటిలోపు నా పేరుకి మారకపోతే, రేపట్నుంచి ఈ ఇంటికి ఏ దిక్కూ లేదు."

"లెక్క ప్రకారం అంతే."

"ఇంత తెలిసి, పొద్దున పదింటికి రమ్మంటే ఇప్పుడా రావడం?"

"దారిలో పని పడింది."

"ఒరేయ్. డెత్ సర్టిఫికెట్టు కాపీలు మొదటి నెలలోనే తీయించాను. బ్యాంకుకొకటి, కరెంటాఫీసుకొకటి, నీకొకటి. బ్యాంకువాళ్ళు వారంలో చేశారు. కరెంటాఫీసువాళ్ళు, కరెంటాఫీసువాళ్ళురా, పది రోజుల్లో చేశారు. ఇంట్లోవాడివి, నీది మాత్రం కాలేదు."

"ఇద్దామనే తీసుకెళ్తాను బావా. రోజూ తీసుకెళ్తాను."

"ఎక్కడ ఆగింది?"

"ఆఫీసులో... అవి చూసే అమ్మాయి సెలవులో ఉంది."

"ఎనిమిది నెలలా?"

"ఉండు బావా, కాగితాలు ఎగురుతున్నాయి."

"నిన్ను తిట్టడానికి కాదు. చెప్పు."

"అక్క నా మొదటి పాలసీ బావా."

"తెలుసు."

"నీకు తెలీదు. ఏ ఉద్యోగమూ కుదరక ఇందులో దిగానా, నాలుగు నెలలు ఒక్క పాలసీ రాలేదు. అక్కే పిలిచి ఫారం తియ్యరా అంది. ఏ గళ్ళో ఏం రాయాలో నాకు తెలిస్తే కదా. తనే గది గదికీ తిప్పి, ఒక్కో సామానూ చేత్తో ముట్టుకుని రాయించింది. నేను తప్పు రాసిన చోటల్లా కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. ఒక్క లిస్టులో నలభై సంతకాలు."

"నాతో అనలేదే."

"అనొద్దంది. మీ బావకి తెలిస్తే జాలిపడతాడు, ఆయన జాలిపడ్డాడంటే నువ్వు బాగుపడవు అంది."

"అనుంటుంది. అది మీ అక్క మాటే."

"తను పోయిన రోజు నేను ఎక్కడున్నాను? వరదొచ్చిన ఊళ్ళలో, ఎవరెవరివో క్లెయిము ఫారాలు నింపుతూ. చెట్లు పడి రోడ్లు లేవు. మూడో రోజుకి వస్తే ఇంట్లో ఎవరూ లేరు. నువ్వొక్కడివే కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నావు."

"నీ తప్పు కాదని ఆ రోజే చెప్పాను."

"చెప్పావు. అక్క గురించి ఏమీ అడక్కుండా నేనూ కుర్చీలు మడిచాను."

"మంచి పనే చేశావు. నాకు నడుం పట్టేసి ఉంది ఆ రోజు. సరే, అవన్నీ తర్వాత. ఇప్పుడు ఫోన్ చెయ్యి."

"బావా, ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించాను. ఇది పడిపోతే మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు, కట్టించే డబ్బు అసలే లేదు. ఎక్కడో ఒక గది తీసుకుని ఉండొచ్చు, ఉండలేక కాదు. కానీ ఆ గదిలో మీ అక్క ఒక్కరోజు కూడా తిరిగి ఉండదు. ఇక్కడైతే ఏ గుమ్మం దగ్గర తల వంచేదో, ఏ స్విచ్చికి తిట్టుకునేదో నాకు తెలుసు. అందుకే ఈ తాపత్రయం. ఫోన్ చెయ్యి, స్పీకరు పెట్టు."

"గేటు దగ్గరికెళ్ళి చేస్తాను. ఇక్కడ సిగ్నలు..."

"నాలుగు గీతలున్నాయి. చెప్పడం కష్టమైతే నేను చెప్తాను. ఒక్క ముక్కే కదా. అందరికీ చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది. టైలరుకి చెప్పాను, పాల అతనికి చెప్పాను, ఆ మధ్య రాంగు నంబరొస్తే అతనికీ చెప్పాను. పాపం, ఐదు నిమిషాలు మాట్లాడి ఓదార్చాడు. ఇటివ్వు."

"వద్దు బావా."

"ఇటివ్వరా... ఆఁ, మోగుతోంది."

"హలో, అన్నా, మీ ఫోన్ కోసమే చూస్తున్నాను. ఇంకో ఐదు నిమిషాల్లో మూసేస్తాం."

"అన్న కాదమ్మా, వాళ్ళ బావని. అతను పక్కనే ఉన్నాడు. మా ఆవిడ పేరు మీద ఇంటి పాలసీ ఒకటుంది. దాని గురించి..."

"మీరా సార్, నమస్తే. అక్కగారు ఎలా ఉన్నారు?"

"ఏంటమ్మా?"

"అన్న వారం వారం చెప్తూనే ఉంటాడు సార్. మొదట్లో ఆస్పత్రిలో ఉన్నారంటే మేమందరం భయపడ్డాం. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తున్నారట కదా."

"బావా, ఫోన్ ఇలా ఇవ్వు."

"ఉండరా."

"మొన్న డాబా మెట్లు కూడా ఎక్కారట. మొక్కలకి నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని మిమ్మల్ని కోప్పడ్డారటగా సార్. అన్న చెప్తుంటే ఆఫీసంతా నవ్వాం."

"బావా, ఫోను చేత్తో మూసి ఒక్కమాట విను. కావాలని కాదు. సర్టిఫికెట్టు ఇద్దామనే వెళ్ళాను మొదటిసారి. సంచీలో చెయ్యి పెట్టాను. ఈలోగా ఆ అమ్మాయి అక్కకి ఎలా ఉందంది. కొంచెం నయం అన్నాను. అంతే, ఆ ఒక్కమాటే అన్నాను. తర్వాత ప్రతిసారీ అడుగుతుంటే..."

"సార్, వినపడుతోందా? నాలుగూ యాభై ఆరయింది. అక్కగారు సంతకానికి రాలేరంటే పర్లేదు, అదే పేరు మీద రెన్యూ చేసేస్తాను. మార్పులేమైనా ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పాలి. ఐదు దాటితే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఏం రాయమంటారు?"

"బావా, చెప్పెయ్. పోనీ నేనే చెప్తాను, ఇటివ్వు. ఇల్లు పోతుంది బావా."

"రాద్దువుగానీ ఉండమ్మా. డాబా మీదికొచ్చి నన్ను ఏమని కోప్పడిందట? ఆవిడ అన్నది అన్నట్టు చెప్పు."