గ్లవ్‌లో నెత్తురు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఓ కౌంటీ క్రికెట్ మైదానం, భోజన విరామం. జీతానికి ఆడేవాళ్ళ గేటు దగ్గర వికెట్ కీపర్ భార్య బుట్టతో నిలబడి ఉంది. దెబ్బ తగలకుండా కీపర్లు గ్లవ్స్‌లో పచ్చి గొడ్డు మాంసం ముక్క పెట్టుకునే రోజులవి. మొగుడి ఎడమ గ్లవ్ నుంచి నెత్తురు కారడం చూసి ఆమె ఎదురెళ్ళింది.

"ఏమయ్యా, ఆ నెత్తురేంటి?"

"మాంసానిదేలేవే. పొద్దుటి నుంచీ బంతులు తిని తిని నలిగింది."

"మాంసమా?"

"మాంసమే. రాత్రికి వండు, మెత్తగా ఉంటుంది."

"నువ్వు బల్ల మీద మర్చిపోయిన ముక్క ఇదిగో, నా బుట్టలో ఉంది. ఇచ్చిపోదామనే వచ్చా."

అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆమే గ్లవ్ లాగింది.

"అయ్యో దేవుడా, వేలు వేలాడుతోందయ్యా. పద డాక్టరు దగ్గరికి."

"వెళితే ఆ రెండో కీపర్ క్లెమెంట్ నా చోట్లో నిలబడతాడు. ఇన్నేళ్ళూ పట్టినవాణ్ణి, ఒక్కసారి వదిలితే మళ్ళీ నాకు పట్టు దొరకదే."

విరామం అయిపోయిందని గంట మోగింది. ఆమె వేలికి రుమాలు చుట్టి, గ్లవ్ తొడిగింది.

"మీ కెప్టెన్ అడిగితే?"

"మాంసమనే చెప్తా. నువ్వా బుట్ట మీద మూత వెయ్యి."