నాలుగో ధర

నా పేరు మార్లిస్ బ్రెక్కి. వయసు యాభై ఎనిమిది. మిన్నెసోటా రాష్ట్రం ఎల్స్‌బీ పట్టణంలో ఉంటాను. అర్విడ్ హాగ్లాండ్ గారి తోటపని కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా ఆఫీసు చూస్తున్నాను. 2024 మే 14, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే షెరీఫ్ ఆఫీసుకి వచ్చి డెప్యూటీ గారి ముందు ఇది చెబుతున్నాను.

ముసలివాళ్ల దగ్గర రెట్టింపు గుంజుతున్నాడని అర్విడ్ మీద పోయిన బుధవారం ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది ఆర్డిస్ టోలెఫ్సన్ గారి మేనకోడలు. ఆర్డిస్ గారికి ఎనభై నాలుగేళ్లు, ఒంటరి మనిషి. వారానికోసారి పచ్చిక కోసినందుకు మామూలుగా యాభై అయిదు డాలర్లు, ఆవిడకి నూటపది. ఆ ధర వేసింది అర్విడ్ కాదు. నేను.

2021 మార్చి 9న కంపెనీకి కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాం. ధరలన్నీ అందులో ఎక్కించే పని నాది. "నువ్వే చూసుకోమ్మా మార్లిస్, ఆ తెర చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి" అన్నాడు అర్విడ్. మామూలు నేలకి ఒక ధర, వాలు నేలకి ఒకటి, పాత ఖాతాలకి ఒకటి పెట్టాను. తర్వాత తెలిసే నాలుగోది పెట్టాను. దానికి పేరు పెట్టలేదు, అంకె ఒక్కటే.

ఆ నాలుగోది ఏమిటో డెప్యూటీ గారికి తెలుసు, ఆయనా ఈ ఊరివాడే. మా వైపు ఎవరికీ మొహం మీద కుదరదని చెప్పం. పని ఇష్టం లేకపోతే రెట్టింపు చెబుతాం. అవతలివాళ్లు "ఆలోచించుకుని చెబుతాం" అని వెళ్లిపోతారు. ఎవరి మర్యాద వాళ్లకి దక్కుతుంది. అర్విడ్ ఆ మాట ఏడాదికి ఒకరిద్దరితో అనేవాడు, అంతటితో మర్చిపోయేవాడు. నేను దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. సాఫ్ట్‌వేర్ మర్చిపోదు. ఏటా ఏప్రిల్‌లో అదే ధరతో అదే ఉత్తరం తనంతట తనే పంపుతుంది.

ఆర్డిస్ గారిని అందులో ఎందుకు వేశానంటే, మా పనివాళ్లు ముగ్గురు. ఆవిడ పచ్చిక ముప్పై అయిదు నిమిషాల పని. వీళ్లకి డెబ్బై అయిదు పట్టేది. పని అవగానే లోపలికి పిలిచి కాఫీ, రూబార్బ్ కేకు పెట్టేది. ఎక్కువ సమయం పట్టిన ఇళ్లు నా తెర మీద ఎర్రగా కనబడతాయి. ఆ ఎరుపు నాకు కంట్లో నలుసైపోయింది. రెట్టింపు చెబితే ఆవిడే వద్దంటుందనుకున్నాను.

ఆవిడ వద్దనలేదు. సంతకం పెట్టి పంపింది. అడుగున "మీ వాళ్లు చాలా మంచివాళ్లు" అని రాసింది. వద్దనిపించడానికి వేసిన ధర అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పలేదు. మూడు వేసవులు చెప్పలేదు. ఈ ఏప్రిల్‌లో కూడా సంతకం వచ్చింది. అడుగున అదే మాట. అయినా చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. ఇది ఫిర్యాదులో లేదు. ధర రెట్టింపయినా తెర మీద ఎరుపు పోలేదు. 2021 జూలైలో ఆవిడ పేరు కింద "కాఫీకి కూర్చోరాదు" అని ఎక్కించాను. అది పనివాళ్ల ఫోన్లలో కనబడుతుంది. రెండు వారాలకి ఆ ముగ్గురిలో మేస్త్రీ, కర్టిస్, ఆఫీసుకి వచ్చాడు.

"ఆవిడ కప్పులు పెట్టి ఉంచుతోంది మేడం."

"ఎన్ని?"

"నాలుగు. కిటికీలోంచి కనబడతాయి."

"తొందర పనుందని చెప్పు."

"మీరే వచ్చి చెప్పండి చూద్దాం" అని తలుపు ధడాలున వేసి పోయాడు. నేను వెళ్లలేదు.

మొన్న ఆదివారం చర్చి కింద గదిలో కాఫీ దగ్గర అర్విడ్ పక్కన ఎవరూ కూర్చోలేదు. నలభై ఏళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చునే మనిషి. నేనూ కూర్చోలేదు. నిన్న ఉదయం పదింబావుకి ఆర్డిస్ గారింటికి వెళ్లాను. కేసు నడుస్తుండగా వెళ్లకూడదని డెప్యూటీ గారు ఇప్పుడు చెప్పారు. అప్పుడు నాకు తెలియదు.

నిలబడే అంతా చెప్పాను. ఆవిడ కాఫీ పోస్తూనే వింది.

"ఎక్కువని నాకు తెలుసు తల్లీ. మా మేనకోడలికే ఇప్పుడు తెలిసి గోల చేసింది. వాళ్లు నా దగ్గర కూర్చునే సేపు కూడా కలిపి వేశారనుకున్నాను. న్యాయమే కదా, వాళ్ల పని చెడుతోంది."

"మరి వాళ్లు కూర్చోవడం మానేశాక?"

"మానేశారా? తీరిక లేదేమో అనుకున్నా. డబ్బు కడుతూనే ఉన్నాను కదా, ఏదో ఒకరోజు వస్తారులే అని."

బల్ల మీద నాలుగు కప్పులు బోర్లించి ఉన్నాయి. సోమవారం. పచ్చిక కోసేది గురువారం. నా కాఫీ ఆవిడ అయిదో కప్పు తీసి అందులో పోసింది.

నాకు సిగ్గుగా ఉంది. అది రాయాల్సిన అవసరం లేదమ్మా అన్నారు డెప్యూటీ గారు. రాయమన్నాను. ఈ నాలుగో ధర ఆవిడకి వేసింది నేనేనని అర్విడ్‌కి ఈ రోజుకీ తెలియదు. అతని పేరు ఫిర్యాదులోంచి తీసేసి నా పేరు పెట్టమని అడుగుతున్నాను.

పైనున్నదంతా నాకు చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. "పొరపాటున" అని రాసినచోట కొట్టేయించి "తెలిసే" అని రాయించాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం) మార్లిస్ బ్రెక్కి