జోగిపేట శంఖం

విశాఖ బీచ్ రోడ్డులో పటాన్‌చెరు ఫ్యాక్టరీ వాళ్ల టూరు బస్సు రెండోసారి హారన్ కొట్టింది. గవ్వల దుకాణం ముందు నుంచి కౌసల్య కదల్లేదు. ఆమె మొగుడు వెంకటేశం కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"జల్దీ రావే, బస్సు పోతది."

"అత్తకు ఏమన్న కొనకుండ ఎట్ల వస్త?"

"మా అవ్వకు జోగిపేటల లగ్గానికి పోతున్నమని చెప్పి వచ్చినం. యాదికున్నదా?"

"చెప్పింది నువ్వు. తెలిస్తే తానూ వస్తనంటదని భయపడ్డవ్. సముద్రం సూపియ్యి కొడుకా అని ఎన్నేండ్ల సంది అడుగుతున్నది? ఈడికి వచ్చిన కాడికెంచి నాకు గొంతుల ముద్ద దిగుతలేదు."

"మోకాళ్ల నొప్పులతోని అంతదూరం ఎట్ల కూసుంటది? సరే, గా గవ్వల దండ తీసుకో."

"దండ ఏసుకోదు. గీ శంఖమైతే దేవుని కాడ పెట్టుకుంటది."

"దాని మీద విశాఖపట్నం అని ఎర్రగ రాసున్నది! అవ్వకు సదువు రాకున్నా పక్కింటోళ్లకు వస్తది."

"పేరు గీకి ఇస్తనన్నడు దుకాణపాయన."

వెంకటేశం ముఖం తేటపడింది.

"గీకియ్యమను మరి. జోగిపేట అంగట్ల కొన్నమని చెప్తం."

దుకాణదారు బ్లేడుతో ఎర్ర అక్షరాలన్నీ గీకేశాడు. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. కౌసల్య శంఖాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత దాన్ని మొగుడి చెవికి ఆనించింది. లోపల సముద్రం హోరుమంటోంది.

"పేరైతే గీకిచ్చినవ్. గీ సప్పుడు ఎట్ల గీకిస్తవ్?"