ఫ్లోరీ ఆంటీ ఇంట్లో పొద్దుటి టిఫిను

మా తీతు చిన్నాన్న అబద్ధమాడే మనిషి కాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఆయన ప్రార్థనాపరుడు. జరిగినదాన్ని జరిగిన చోట ఉంచలేడు, అంతే. వర్క్‌షాపులో ఫిట్టరు, ఇనుము దగ్గర వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. మాట దగ్గర మాత్రం దేవుడు ఆయనకి కొలబద్ద ఇవ్వడం మరిచిపోయాడు.

ఎనభై ఎనిమిది వేసవిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, మా క్వార్టరు వరండాలో అందరం కూర్చున్నాం. మర్నాడు మా తమ్ముడు తిమోతి, సెలవులకి రైల్వే ఉద్యోగులకిచ్చే పాసుకి దరఖాస్తు పెట్టాలి. ఏ ఊరు రాయాలన్నదే తగువు. వాడు భీమిలిలో మేనత్త ఇల్లంటాడు. వాడి భార్య రూతు, భీమిలి వెళ్ళినప్పుడల్లా సముద్రం కంటే పొయ్యినే ఎక్కువ చూసిన పిల్ల. గది అద్దెకిచ్చి, పొద్దున్న టిఫిను కూడా వాళ్ళే చేసి పెట్టే ఇళ్ళుంటాయట, అలాంటి చోటికి ఒక్కసారి వెళదాం అంటుంది. మా వాళ్ళలో అలాంటి ఇంట్లో దిగిన మగవాడు తీతు చిన్నాన్న ఒక్కడే. "చిన్నాన్న బాగుందంటే అక్కడికే రాయిస్తాను" అని తిమోతి ఒప్పుకున్నాడు.

రూతు టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, "చెప్పండి చిన్నమావయ్యా, ఎలగుంటాది?" అంది.

అంతే, చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఎలగుంటాదని అడుగుతావేటమ్మా! మెక్లస్కీగంజ్ అని, రాంచీ అవతల, సాల్ చెట్ల అడివిలో ఆంగ్లో-ఇండియన్లు కట్టుకున్న ఊరు. మన లోకోషెడ్డులో డ్రైవరు చేసి పోయినాడే డొమినిక్ సాయెబు, ఆయన పెళ్ళాం ఫ్లోరీ ఆంటీ ఇల్లది. నేనూ మీ సిన్నత్తా ఎల్లినాం. హోటలు కాదు, సత్రం కాదు, ఇల్లు. గోడకి వాళ్ళ తాతల ఫోటోలు. గుమ్మంలో వాళ్ళ కుక్క మన సెప్పుల మీదే పడుకుంటాది. హోటల్లో నువ్వు గది నంబరువి. అక్కడ నీకు పేరుంటాది. తీతుని ఇంగ్లీషులో టైటస్ అంటారు. 'టైటస్, నిద్దర పట్టినాదా?' అని పొద్దున్నే అడుగుతాది ఆవిడ. మనల్ని ఎప్పుడన్నా అలగ అడిగినోల్లున్నారా?"

"ఎవరూ నేరు," అన్నాడు పక్క క్వార్టరు నూకయ్య, చిన్నాన్నతో పాటే పనిచేసేవాడు, మూడీ మరమరాల్లో ఆలూ చాప్ నలుపుకుంటూ. "మనకి నిద్దర పడితే మెమో ఇస్తారు."

"పక్క ఎలగున్నాదనుకున్నావు? తెల్లటి దుప్పటి, దాని మీద రగ్గు. ఆ రగ్గు ఎంత మందమంటే, కప్పుకున్నాక బయటికి దారి దొరకలేదు. తెల్లారినాది, కోడి కూసినాది, నేనింకా లోపల అంచు ఎతుక్కుంటన్నాను. ఆకరికి టీ వాసన పట్టుకుని బయటపడినాను. ఆ తరవాత ఏటైనాదో తెలుసా? టిఫిను! కాల్చిన డబల్ రొట్టె, గుడ్డు, పెరట్లో జాంపళ్ళతో చేసిన జామ్. బల్ల మీద పూలు. కూచున్నోడు కూచున్నట్టే, అన్నీ వస్తాయి."

"కూచుంటే వస్తాయా?" రూతు తిమోతి వైపు చూసి మరీ అడిగింది. "మనం లేవక్కర్లేదా?"

"లేవడమేటి! అసలు ఆ బల్ల సివర కనిపిస్తే గదా. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం లేదూ, దానికంటే నాలుగు బోగీలు పొడుగు. ఉప్పు ఆ సివర్న ఉన్నాది. నేనిలగ సెయ్యెత్తినాను, ఆంటీ పచ్చజెండా ఊపినాది, ఉప్పు పుష్ ట్రాలీ మీద వచ్చినాది. జామ్‌ది సింగిల్ లైను, ఎదురుగా కెటిలు వస్తే పక్క లూపు లైన్లో ఆగాల. ఒకరోజు వెన్న అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయినాది, రొట్టె సల్లారిపోయినాది పాపం."

"ఠీక్ హై దాదా. మరి సిగ్నలెవరు ఇచ్చినారు?" అన్నాడు నూకయ్య.

"ఆ కుక్కే! ట్రైనింగైనాది దానికి. అసలు కోళ్ళ సంగతి సెప్పలేదు. ఆంటీ కోళ్ళకి మిరపకాయలూ ఉల్లిపాయలూ మేత. గుడ్డు పెనం మీద కొడితే తిన్నగా మసాలా ఆమ్లెట్టే. అందులో ఒక కోడి మంచాల కాడికొచ్చి మనిషి మొకం సూసి పెడతాది. నాకు జంట గుడ్లు. బీపీ ఉన్నోల్లకి ఉప్పు తక్కువ గుడ్డు."

అందరం నవ్వుతున్నాం. చిన్నాన్న భార్య ఎస్తేరమ్మ పిన్ని మాత్రం చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నవ్వండి. వచ్చేసిన రోజు సంగతి సెప్తే అసలు నమ్మరు. బండెక్కినాం, బండి కదిలినాది. వెనకాల ఆంటీ పరిగెత్తుకొస్తంది, సేతిలో గిన్ని. 'టైటస్, టిఫిన్ తినకుండా ఎలగెల్తావు!' అని ఇంజన్ని దాటిపోయి పట్టాల మీద నిలబడినాది. డ్రైవరు బ్రేకేసినాడు. డ్రైవరు, గార్డు, టీటీ, బండెడు జనం దిగి కట్ట పొడుగునా బంతి కూచున్నారు. అదే గిన్ని, అందరికీ సరిపోయినాది. రెండోసారి ఏయించుకున్నారు. రాంచీ స్టేషన్లో మైకులో సెప్పినారు, ఫలానా బండి ఉప్మా కారణంగా ఆలస్యమని."

రూతు నవ్వు ఆగింది. "ఉప్మానా? ఆంగ్లో-ఇండియన్ ఆంటీకి ఉప్మా ఎలగొచ్చు చిన్నమావయ్యా?"

చిన్నాన్న చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి అక్కడే నిలిచింది. "ఆ... నేర్సుకున్నాది. తెలివైన మనిషి."

"నేర్చుకోలేదు," అంది పిన్ని, చేటలోకే చూస్తూ. "నేను చేసినాను."

పిన్ని చేట పక్కన పెట్టింది.

"మొదటి రోజు రొట్టె, గుడ్డు చూసి, ఇదీ ఒక టిఫినేనా, కడుపులో ఏ మూలకొస్తాదన్నారు మీ చిన్నమావయ్య. ఆవిడ వంటింట్లోకి నన్ను పంపినారు. సంచిలో రవ్వ ఎలాగూ ఉన్నాది, మన రైల్వేవోళ్ళు స్టవ్వూ రవ్వా లేకుండా ఏ ఊరెళ్ళినారు గనక? ఆ పోపు వాసనకి పక్క గదిలో దిగిన బెంగాలీ బాబులొచ్చినారు. వాళ్ళకీ చేసినాను. ఆంటీ కూడా పళ్ళెం పట్టుకుని ఈయన పక్కన కూచున్నాది. ఉన్నన్నాళ్ళూ అంతే. కూచుంటే అన్నీ వస్తాయన్నారు, నిజమే. తెచ్చింది నేను."

నూకయ్య తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. తిమోతి, "చూశావా? అక్కడైనా పొయ్యే. భీమిలైతే సముద్రమైనా ఉంటాది," అన్నాడు. రూతు మొహం చిన్నబోయింది. గ్లాసులు తీయడానికి లేవబోయింది.

పిన్ని ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఆగమ్మా. ఆఖరి రోజు సీటు పట్టడానికి ఈయన ముందే స్టేషనుకెళ్ళిపోయినారు. నేను అలవాటుగా వంటింట్లోకెళ్తే, ఆంటీ నా చేతిలో అట్లకాడ లాక్కున్నాది. వరండాలో కుర్చీ వేసి కూచోబెట్టి, టీ ఇచ్చి, రొట్టె మీద జామ్ తనే రాసి ఇచ్చినాది. ఎదురుగా చెట్లు. ప్రార్థన చేసుకుందామంటే ఒక్క మాటా రాలేదు, ఊరికే కూచున్నాను. పెళ్ళయినాక ఒకరు వండి నా ముందు పెడితే తిన్న పొద్దు అదొక్కటే. ఇల్లు మంచిదే రూతూ. వెళ్ళు. రవ్వ మాత్రం సంచిలో పెట్టకు."

తిమోతి ఖాళీ గ్లాసులు తనే తీశాడు. "సరే పిన్నీ. అక్కడికే రాయిస్తాను."

"మీరూ రేపు ఒక దరఖాస్తు పెట్టండి," అంది పిన్ని చిన్నాన్నతో. "నా ఒక్కదాని పేరున. వీళ్ళతో వెళ్ళొస్తాను."

"అదేటి! మరి పొద్దున్నే నా టిఫినో?"

"నూకయ్య బావుకి కతలు చెప్పుకోండి. మధ్యాన్నం దాకా ఆకలెయ్యదు."