నాలుగు సెకన్ల నవ్వు

ఆ బో టై జోలికి రాకు తల్లీ, అది వంకరగానే ఉండాలి. తిన్నగా ఉంటే కొట్లో కొనుక్కొచ్చి క్లిప్పుతో తగిలించుకున్నాడనుకుంటారు. వంకరగా ఉంటేనే మనిషి తన చేత్తో తాను కట్టుకున్నాడని తెలిసేది. నేను ముందు తిన్నగానే కడతాను, తర్వాత అద్దంలో చూసుకుని ఎడమవైపు ఒక్క పిసరు లాగుతాను. అరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఇందులో గొప్పలు పోవడం ఏమీ లేదు, దీన్ని నిజాయితీ అంటారు. ఇంట్లో సోఫాలో కూచుని టీవీలో సినిమావాళ్లు బహుమతి బొమ్మలు పంచుకోవడం చూడ్డానికి టై ఎందుకు నాన్నా అని మీ నాన్న ఏటా అడుగుతాడు. పిలవకపోవడం వాళ్లిష్టం, కట్టుకోవడం నా ఇష్టం. సరే గానీ కఫ్ లింకులు దొరికాయా? ఆ సొరుగు కాదు, కింద చుట్టల పెట్టె ఉంటుంది చూడు, అందులో. ఏంటది, ఫోటోనా? ఇటివ్వు.

ఓహో. గుర్రం లేకుండా జీను మీద కూచున్న ఈవిడెవరూ అంటావా. లూరీన్. లూరీన్ టిబెట్స్. నీ తరం వాళ్లకి తెలీదు, నా తరం వాళ్లకీ తెలీదనుకో, ఆ సంగతే కదా చెప్పబోయేది. కూచో. బహుమతులు మొదలవడానికి ఇంకా గంటుంది, ముందు గంటంతా ఎవరేం గౌను వేసుకొచ్చారనేగా. నేను ఆ స్టూడియో శబ్ద విభాగంలో తీగలు మోసేవాణ్ణి. ఇరవయ్యారేళ్లవాణ్ణి, బడి చదువు ఎనిమిదో క్లాసుతో సరి. మిగతాదంతా పాత పత్రికల్లో జోకులు చదివి నేర్చుకున్నాను, అందుకే నాకు అన్నీ కొంచెం కొంచెం తెలుసు, ఏదీ చివరిదాకా తెలీదు. లూరీన్ నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆవిడ పని చప్పుళ్లు చెయ్యడం. నువ్వు సినిమాలో వినేవి చాలామటుకు అక్కడివి కావు తల్లీ. హీరో మంచులో నడుస్తుంటే ఆ కరకర ఎవరో తోలు సంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసుకుతున్నది. లూరీన్ పిసికితే మాత్రం అది ఏ పూట మంచో, పొద్దుటిదో సాయంత్రందో కూడా తెలిసిపోయేది. నేను కోతలు కోస్తాను, ఒప్పుకుంటా. ఇది మాత్రం కోత కాదు.

ఆ ఏడు మా వాళ్లు గడ్డకట్టిన సముద్రంలో ఓడ ఇరుక్కుపోయే కథ ఒకటి తీశారు. తీసింది జులై నెలలో, స్టూడియో వెనక రేకుల షెడ్డులో, నేలంతా ఉప్పు పోసి. పాపం నటులు చెమటలు కక్కుకుంటూ వణికారు. తెర మీద చూడ్డానికి బాగానే ఉంది గానీ చూస్తే చలి వెయ్యదు. చలి చెవిలోంచి రావాలి అంది లూరీన్. ఏం చేసిందంటే, కౌబాయ్ సినిమాల సామాన్లగదిలోంచి ఈ జీను తెచ్చి, నీళ్లలో నానబెట్టి, క్యాంటీన్ ఐసుగదిలో గడ్డకట్టించి, దాని మీద కూచుని అటూ ఇటూ మెల్లిగా ఊగింది. మైకు పట్టుకున్నది నేనే. ఆ మూలుగు, ఆ చిట్లడం విన్నాక నేనివాళ్టికీ ఓడెక్కలేదు. పందొమ్మిది రోజులు అదే పని. క్యాంటీన్ పెద్దమ్మ వచ్చి, "నా పీచ్ ఐస్‌క్రీమంతా గుర్రం వాసనొస్తోంది, మీరు సినిమాలు తీస్తారో పశువుల్నే కాస్తారో తేల్చుకోండి" అని పోట్లాడింది. మా విభాగం పెద్ద హార్లన్ ప్రూయిట్ గారు చివరి రోజు వచ్చి కళ్లు మూసుకుని విన్నాడు. కోటు కాలరు పైకెత్తుకుని వెళ్లిపోయాడు. ఆగస్టు నెలలో.

ప్రూయిట్ గారి సంగతీ చెప్పాలి. మంచివాడు. నోట్లో ఎప్పుడూ పిప్పరమింటు. శబ్ద విభాగానికి పెద్ద, ఎడమ చెవికి మాత్రం చెవుడు, ఎప్పుడో సెట్లో తుపాకీ పక్కనే పేలింది. అది పెద్ద రహస్యం, స్టూడియోలో గేటు కాపలావాడి దగ్గర్నించి అందరికీ తెలిసిన రహస్యం. అప్పటి ఆనవాయితీ ఏంటంటే, చప్పుడు ఎవరు చేసినా సినిమా మీద పేరు విభాగం పెద్దదే. బహుమతి బొమ్మ వచ్చినా ఆయన పేరు మీదే. దొంగతనం కాదది, కాగితం అలా రాసుకున్నారు, అంతే. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. లూరీన్ కూడా అనలేదు. అన్నది టాఫ్ట్‌లో వాళ్లు.

టాఫ్ట్ అంటే కొండ దిగాక అటువైపు చమురు బావుల ఊరు, లూరీన్ పుట్టిందక్కడే. వాళ్లమ్మ ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై రెండేళ్లు తీగలు కలిపింది. ఫోనెత్తి నువ్వు ఊపిరి పీలిస్తే చాలు, ఎవరివో ఏ గదిలోంచి మాట్లాడుతున్నావో చెప్పేసేది. కూతురికి ఆ చెవులే వచ్చాయి. లూరీన్ పనిచేసిన సినిమా ఊళ్లోకొస్తే ఆవిడ ఎక్స్‌ఛేంజిలో ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని వెళ్లి, మొదటి పేరు నించి చివరి పేరు దాకా చూసేది. శబ్దం, హార్లన్ ప్రూయిట్. ప్రతిసారీ అదే. ఓసారి పక్కనున్నావిడ, "ఏమ్మా, మీ అమ్మాయి పేరు మార్చుకుందా, హార్లన్ అని?" అందట. ఇంకొకావిడ, "టైపు కొట్టే పిల్లల పేర్లు కూడా వేస్తే సినిమాకి చోటెక్కడే" అందట. ఆ తర్వాత వాళ్లమ్మ సినిమాకి వెళ్లడం మానేసింది. లూరీన్ నాకిది చెప్పి నవ్వింది. ఆవిడ నవ్వు అప్పుడప్పుడూ సామాన్లగదిలోంచి తెచ్చినట్టుండేది.

ఓడ సినిమాకి బొమ్మ ఖాయమని ఊరంతా అంటున్నారు. ప్రూయిట్ గారు మా గదిలోకొచ్చి, "అమ్మాయ్, వేదికెక్కితే ఈసారి నీ పేరు చెప్తాను" అన్నాడు. అప్పట్లో టీవీ లేదు, రేడియోలో వచ్చేది, దేశమంతా వినేది. లూరీన్ చేతిలో పిండి సంచి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సాయంత్రం నా దగ్గరకొచ్చి, "రేడియోలో వినపడుతుందా అబ్బాయ్? మా అమ్మకి ఫోన్ చేసి చెప్పనా?" అంది. చెప్పండి, నాది పూచీ అన్నాను. ఎందుకంత ధైర్యమంటే, ప్రూయిట్ గారి ఉపన్యాసం రాసేది నేనే. స్టూడియోలో పుట్టినరోజులకీ, పదవీ విరమణలకీ నవ్వించే ముక్కలు రాస్తానని నాకో పేరుండేది. నాకై నేను తెచ్చుకున్న పేరనుకో.

నలభై అయిదు సెకన్లు ఇస్తారు. దాటితే మైకు ఆపేసి వాయిద్యాలు మొదలెట్టేస్తారు. ప్రూయిట్ గారు, "ముందు ఆ పిల్ల పేరు చెప్పేసి దిగిపోతానోయ్" అన్నాడు. వద్దు సార్ అన్నాను. పేరు చివర్న ఉంటేనే చెవిలో నిలుస్తుంది, ముందు కాస్త నవ్వించి, గుండె మెత్తబడ్డాక పేరు పెడితే హాలు మోగిపోతుంది అన్నాను. అంతా నాకు తెలిసినట్టే. నవ్వించే ముక్క ఇదీ: "ఆ మంచు పగిలే చప్పుడు మా స్టూడియో యజమాని మనసు కరుగుతున్నప్పుడు రికార్డు చేశామని కొందరంటున్నారు. అది నిజం కాదు. ఆ చప్పుడు కోసం మేము ఇరవై ఏళ్లుగా మైకు పట్టుకుని కాచుకుని ఉన్నాం." ఏం, నవ్వొచ్చిందా? చూశావా, ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ తర్వాత ఒక వాక్యం, ఆ చప్పుడు చేసింది నేను కాదు, లూరీన్ టిబెట్స్ అని. మా రికార్డింగు గదిలో ప్రూయిట్ గారితో సహా ఏడుగురు మగాళ్లని కూచోబెట్టి, ఆయనచేత చదివించి స్టాప్‌వాచీ పెట్టి చూశాం. నవ్వు నాలుగు సెకన్లు. నేను పెన్సిల్‌తో రాసుకున్నా, నవ్వు, నాలుగు. మొత్తం నలభై రెండు. మూడు సెకన్లు మిగిలాయి కూడా. పని చక్కగా అయిందని బీరు తాగాం.

పొద్దున్న లేస్తే చప్పుడు తప్ప వేరే వ్యాపారం లేని ఎనిమిది మందిమి తల్లీ. ఆ గది గోడలకి మూడంగుళాల దూది మెత్తలు. అందులో నవ్వితే నవ్వు పుట్టినచోటే చచ్చిపోతుంది. ఆ గది కట్టిందే అందుకు. ఆ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. లూరీన్‌ని అడిగుంటే చెప్పేది. ఉపన్యాసంలో నీ పేరెలా ఉందో నువ్వే చూసి చెప్పూ అని అడగడం బాగోదని అడగలేదు. నా మర్యాద అలా ఏడ్చింది.

బహుమతుల రాత్రి హాల్లో మా ఇద్దరికీ పై బాల్కనీలో ఆఖరి వరసలో చోటు దొరికింది. లూరీన్ నీలం గౌను వేసుకొచ్చింది. శబ్దం అన్నారు, కవరు చింపారు, హార్లన్ ప్రూయిట్ అన్నారు. ఆయన ఎక్కాడు, పిప్పరమింటు మింగేశాడు, మొదలెట్టాడు. ముక్క దగ్గరకొచ్చాడు. యజమాని ముందు వరసలోనే ఉన్నాడు, ఊళ్లో ఎవరికీ అతనంటే పడదు, కానీ అతని మీద నవ్వే అవకాశం ఎవరికొస్తుంది? అంతమందీ ఒక్కసారి విరుచుకుపడ్డారు. అతను నవ్వక తప్పలేదు. అతను నవ్వాడు గనక మిగతావాళ్లు ఇంకా నవ్వారు. ఆ పైకప్పుకి తగిలి నవ్వు కిందకొస్తోంది, మళ్లీ పైకెళ్తోంది. అంత నవ్వు నేను మళ్లీ పుట్టించలేదు. ముందు నేనూ మురిసిపోయా, అబద్ధం ఎందుకు. పక్కన చూద్దును గదా, లూరీన్ పెదాలు చిన్నగా కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ఆ నవ్వు మధ్యలోనే వాయిద్యాలు అందుకున్నాయి. ఎడమవైపు వాయిద్యాలు, ప్రూయిట్ గారికి ఎడమ చెవి వినపడదు. నవ్వు తగ్గేదాకా మర్యాదగా ఆగి, ఆ బాకాల కింద, ఆపేసిన మైకులో, ఒక్కో అక్షరం నిదానంగా ఆవిడ పేరు చెప్పి, వంగి దణ్ణం పెట్టి దిగిపోయాడు. "ఇరవై రెండు సెకన్లు" అంది లూరీన్. అంతే. కిందకెళ్తే ఆయన బొమ్మ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఎదురొచ్చి, "చెప్పాను కదమ్మాయ్, బాగా చెప్పానా?" అన్నాడు. "బాగా చెప్పారు సార్" అంది ఆవిడ.

మర్నాడు నాకో ఉపాయం తట్టింది. పాడుచేసినవాడికే ఉపాయాలు తడతాయి. రేడియోవాళ్ల దగ్గర ఆ కార్యక్రమం రికార్డు ఉంటుంది. తెచ్చి, నవ్వు నాలుగు సెకన్లకి కోసేసి, ప్రూయిట్ గారిచేత ఆ వాక్యం మళ్లీ చెప్పించి అతికించి, వెనక చప్పట్లు వేసి, వాళ్లమ్మకి పంపుదామన్నాను. ఆయనకి విషయం చెప్పేసరికి మొహం వాడిపోయింది పాపం, మైకు ముందు నిలబడి పదకొండుసార్లు చెప్పాడు ఆ పేరు. లూరీన్ అంతా అతికించింది. జాడ తెలీదు, దేవుడు కూడా కనిపెట్టలేడు. చప్పట్లే మిగిలాయి. మా దగ్గర డబ్బాల్లో అన్ని రకాలూ ఉండేవి, హాలు లేచి నిలబడి కొట్టేవి, గొంతు సవరించుకుంటూ మర్యాదకి కొట్టేవి, వెనక వరసలో నలుగురు కొట్టేవి. ఆవిడ అవన్నీ ముందేసుకుని మధ్యాహ్నమంతా కూచుంది. చివరికి నావైపు తిరిగి, "నా పేరుకి ఎంత వెయ్యాలి క్లెమ్?" అంది. పెద్దదే వెయ్యండి అన్నాను. "నువ్వు నాలుగు సెకన్లన్నావు" అంది. డబ్బాలన్నీ ఎక్కడివక్కడ సర్దేసి, ఆ ముక్క చెత్తబుట్టలో పడేసింది.

ఆదివారం నా కార్లో టాఫ్ట్ వెళ్లాం. నేనూ వస్తానన్నాను, వద్దనలేదు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడుంది, సన్నటి మనిషి. నా కారు చప్పుడు విని, "వెనక చక్రం బేరింగు చూపించుకో బాబూ" అంది, ముందు మాట. వంటింట్లో కూచోబెట్టి కాఫీ పోసింది, పెకాన్ గింజల కేకు పెట్టింది. బహుమతులిచ్చిన రాత్రి ఏం చేసిందంటే, ఎక్స్‌ఛేంజిలో రేడియో పెట్టి, చుట్టుపక్కల అయిదూళ్ల ఆపరేటర్లకి తీగ కలిపిందట, వినండే అని. అందరూ విన్నారు. నవ్వు, బాకాలు, సబ్బు ప్రకటన. ఎక్కడే మీ అమ్మాయి పేరు అని పక్కూరు మారికోపా నించి ఒకావిడ అడిగిందట. "ఆ నవ్వు కింద ఉంది, నాకు వినపడింది, మీ చెవులకి అందకపోతే నేనేం చెయ్యను" అని తీగ పీకేసిందట. ఇది చెప్పి, లూరీన్ వైపు తిరిగి మెల్లిగా, "నిజంగా అన్నాడా అమ్మా?" అంది. "అన్నాడమ్మా. పెదాలు చూశాను" అంది లూరీన్. పెద్దావిడ కాసేపు చెంచా తిప్పుకుంది. "సరేలే. పేరుదేముంది, నేను పెట్టిందేగా, నాకు కొత్తా? అంతమంది ఒకచోట ఆ పేరు విన్నాక ఏం చేస్తారో విందామనుకున్నా, అంతే" అంది. అని నన్నడిగింది. "నువ్వక్కడున్నావుగా బాబూ. వినిపించుంటే ఏం చేసేవాళ్లు?"

లూరీన్ కప్పులోకి చూస్తోంది. నేను నోరు తెరిచాను, నా నోట్లోంచి ఇంకేం వస్తుంది, జోకొచ్చింది. అప్పటికే అందరూ నవ్వి అలిసిపోయారండీ, చప్పట్లకి ఓపికెక్కడిది అన్నాను. పెద్దావిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. రాంగ్ నంబరు వచ్చినవాడు పెట్టేసేదాకా ఆగినట్టు ఆగింది. ఆగి, మళ్లీ అదే ప్రశ్న అడిగింది, అదే గొంతుతో.

లూరీన్ ఆ తర్వాత పదిహేడేళ్లు అక్కడే పనిచేసింది. నాతో ఎప్పట్లాగే ఉండేది, నా జోకులకి నవ్వేది కూడా. ఇప్పుడు ఆవిడా లేదు, వాళ్లమ్మా లేదు. ఎన్ని ఏర్పాట్లు చేశాను, ఎంతమందిని నవ్వించాను. ఆ వంటింట్లో ఆవిడ అడిగినదానికి, నవ్వించకుండా, ఏం చెప్పాలో నాకప్పుడు తెలీలేదు. ఇప్పుడూ తెలీదు తల్లీ.