మూడు బియ్యపు గింజలు

మిరప తొడిమలు తీసే షెడ్డులో మీరంతా చెప్పుకుంటున్న కథ ఉంది చూడండి, జోజమ్మ దగ్గరికి మొగుడి రూపంలో ఏదో వచ్చిపోయిందని, ఆ కథలో దయ్యాన్ని నేనే. ఈ మాట నోరు తెరిచి ఎవరితోనూ అనలా. గుళ్ళో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి కూడా "అబద్ధాలాడాను ఫాదర్, మూడుసార్లు" అని మాత్రం చెప్పి లేచొచ్చేశా. ఏం అబద్ధమో ఆయన అడగలా, నేను చెప్పలా.

ముందు మీ కథే చెప్తా, ఇన్నమ్మత్త చెప్పినట్టే. ఏమైందంటే, బాలశౌరి అని ఒక లారీ డ్రైవరంట. నెలకోసారి ఇంటికొస్తే గొప్పంట. ఆయన భార్య జోజమ్మకి ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుకి మంచం కింద దాకా నెత్తురు కారి, చచ్చి బతికిందంట. మూడేళ్ళు కడుపు మాట ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందంట. మాత్రలు మింగకూడదు, లూపు వేయించుకోకూడదు, మనం కతోలిక గుడికి పోయేవాళ్ళమాయె, అవి పాపమంటారు. అందుకని సిస్టర్ ఫిలోమిన గారు ఆదివారం పూజ అయ్యాక ఆలుమగల్ని పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పేదంట, ఒంట్లో తడి చూసి రోజులు తెలుసుకోవడం. నెలకొక కాగితం, రోజుకొక గడి. ముట్టు రోజున ఎర్ర బిళ్ళ అంటించాలి, పొడి రోజున పచ్చ బిళ్ళ, తడి కనపడిన రోజున, అంటే కడుపు నిలిచే రోజున, పాప మొహం ఉన్న తెల్ల బిళ్ళ. పాప మొహం ఉన్నన్నాళ్ళు ఎడంగా పడుకోవాలి, అంతే. బాలశౌరి వెనక బెంచీలోంచి "మా లారీకే ఇన్ని సిగ్నళ్ళు లేవు సిస్టర్!" అన్నాడంట, అందరూ పగలబడి నవ్వారంట. నవ్వినా ఏడాదిన్నర పాటు తు.చ. తప్పలేదనుకో. అట్టాంటిది ఒక నెలలో, ఆయన ఒక్క పూట ఇంటికొచ్చి పోయాడంట. చూస్తే ఆ గడిలో పచ్చ బిళ్ళే ఉంది. అయినా కడుపొచ్చిందంట! పచ్చ రోజున వచ్చినోడికి బిడ్డ ఎట్టా నిలుస్తది? అంటే వచ్చింది బాలశౌరి కాదు, ఆయన వేషంలో ఇంకేదో. ఇన్నమ్మత్త ఇక్కడిదాకా చెప్పి తొడిమ తుంచి పారేసి, "కాళ్ళు చూసుకోవాల్సింది పిచ్చిముండ, కాళ్ళు వెనక్కి తిరిగుంటయ్యిగా" అంటది. మీరంతా "అమ్మో" అంటారు. నేను తలకాయ వంచుకుని మిరపకాయలు తుంచుతా. ఘాటుకి కళ్ళు మండుతున్నయ్యని అనుకుంటారు మీరు.

బాలశౌరి మా అన్న. జోజమ్మ మా వదిన. ఆ బిళ్ళలు అంటించింది నేను.

బడి ఐదుతో ఆగిపోయినా, ప్రార్థన పుస్తకాలూ పొట్లాల కాగితాలూ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. వదినకి అక్షరం రాదు. రోజూ దీపాలవేళకి ఆమె చెప్పేది, నేను అంటించేదాన్ని. సిస్టర్ గారు మా కాగితం పైకెత్తి "ఆగ్నేసును చూసి నేర్చుకోండి" అనేది. ఆ మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని, దాచుకోవడం ఎందుకు. ఆ నెల నేను మరియమ్మ తిరనాళ్ళకి మూడు రోజులు పోయా. పోయేముందు వదినకి ఒక చిన్న డబ్బా ఇచ్చి, తడి రోజున బియ్యపు గింజ, పొడి రోజున కందిగింజ వెయ్యి వదినా, నేనొచ్చి అంటిస్తా అని చెప్పా. మూడో రోజు మాపిటేల వచ్చా. వదిన బోరింగు కాడ ఉంది. డబ్బా తీసి మూత లాగా, అది చేతిలోంచి జారి గడప మీద పడింది. గింజలు ఎగిరిపోయినయ్యి. నేను వంగే లోపు కోడిపెట్ట టక్, టక్, టక్. మూడే ముక్కుపోట్లు. అయిపోయింది.

బోరింగు ఎంత దూరం? పిలిస్తే పలికే దూరం. వదినా, గింజలు పోయినయ్యి, ఏం వేశావు అని అడిగితే తీరిపోయేది. కానీ ఆగ్నేసు చేతిలోంచి జారిపోయిందంటే ఎట్టా? ఊహకి మూడు పచ్చ బిళ్ళలు అంటించేశా. వదిన బిందె దించి కాగితం కేసి చూసింది. "ఆగ్నేసూ, మూడూ బియ్యమే వేశాననుకున్నానే?" అంది. "కాదొదినా, మూడూ కందులే" అన్నా. అది ఒకటి. "ఏమోనమ్మా, నాకు తడిగానే అనిపించింది మరి... సర్లే, నువ్వు చదువుకున్నదానివి" అంది. తన ఒళ్ళు చెప్పిన మాట పక్కనబెట్టి నా మాట నమ్మింది. పొద్దుగూకేసరికి అన్న దిగాడు, కాగితం చూసి నవ్వుతా "ఏమే, సిగ్నలు సరిగ్గానే వేశావా?" అన్నాడు. "వేశాన్రా అన్నా" అన్నా. అది రెండు. తెల్లారి లోడుకి పోయాడు. మూడో నెల సిస్టర్ గారు కాగితం పట్టుకుని నన్ను విడిగా పిలిచి అడిగింది, ఎక్కడన్నా పొరపాటు జరిగిందా తల్లీ అని. లేదు సిస్టర్ అన్నా. అది మూడు.

ఆ మూడో అబద్ధం ఆడొచ్చిన రోజు, ప్రార్థన పుస్తకం తెరిస్తే మధ్యలో మూడు బియ్యపు గింజలు. కాగితానికి తడి అంటింది. దులిపేశా. మర్నాడు చెప్పులో మూడు. గుళ్ళో తీర్థం గిన్నెలో వేలు ముంచితే అడుగున తెల్లగా మూడు, నానిపోయి. రెండుండవు, నాలుగుండవు. ఆ కోడిపెట్టని పండక్కి కోశాం. కందనకాయ లోపల ఏముందో నేను చెప్పను, మా అమ్మ కూడా చూసింది, "ఇదేందే, అరగలేదు" అంది. నాలుగు నెలల నాటి గింజలు!

కడుపు సంగతి తెలిశాక అన్న ఆ పచ్చ బిళ్ళల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వదినని పుట్టింటికి పంపేశాడు. మీరు దయ్యం అంటున్నారు గానీ, ఆయన మనసులో ఉన్నది ఇంకో మగమనిషి. మొన్న మా అమ్మ చూసొచ్చింది. ఎనిమిదో నెల నిండిందంట. కాన్పు కష్టమని, ఆపరేషన్ అనీ, ఈ శుక్రవారం భర్త వచ్చి సంతకం పెట్టాలి, నెత్తురు ఇచ్చేవాళ్ళని తెచ్చుకోవాలి అన్నదంట డాక్టరమ్మ. అమ్మ అన్నకి చెప్తే "ఎవరి బిడ్డో వాణ్ణే పెట్టమను సంతకం" అన్నాడంట. ఇంకా వినండి, వదిన ఒక్క గుడ్డ కుట్టలేదంట, ఒక పేరు అనుకోలేదంట. అమ్మ చెయ్యి పట్టుకుని అడిగిందంట, అత్తా, ఆ పూట వచ్చింది ఆయనేనా? డీజిలు వాసన రాలేదు గదా, చేతులు చల్లగా ఉన్నయ్యి గదా, నా కడుపులో ఉన్నది మనిషేనా అత్తా, అని. మీ కథ నడుచుకుంటా ఆమె మంచం దాకా పోయింది, చూశారా. ఆమె ఇప్పుడు మొగుణ్ణి కాదు, ఇన్నమ్మత్త చెప్పినదాన్నే గుర్తు తెచ్చుకుంటంది.

ఇవ్వాళ బుధవారం. మధ్యాన్నం అన్నం తిని ఫోను తీశా. ఫోను అద్దం మీద మూడు గింజలు, తడిగా. ఈసారి దులపలా. ఏరి నోట్లో వేసుకున్నా. ఉత్త బియ్యమే, కాస్త ఉప్పగా ఉన్నయ్యి, అంతే.

దయ్యమే ఫోన్ చేసి "అది నేనేరా అన్నా" అని ఒప్పుకున్న కథ మీరెక్కడన్నా విన్నారా? నేనూ వినలా. తప్పు కోడి మీదికి నెడతానేమోనని ముందే రాసుకున్నా: "డబ్బా జారింది నా చేతిలోంచి. గింజలు మూడూ బియ్యమే. బిడ్డ నీదే." ఇన్నమ్మత్తా, రేపు షెడ్డులో ఈ ముక్క కూడా కలిపి చెప్పు. లారీ నడిపేటప్పుడు ఫోనెత్తడు, డాబా కాడ ఆపి అన్నం తినే వేళ ఇదే. అన్నకే చేస్తున్నా.