పసుపు వేసిన సీసా

నీళ్ళు మనల్ని శుద్ధి చేస్తాయంటారు. మరి నీళ్ళను ఎవరు శుద్ధి చేస్తారన్నది ఏళ్ళుగా నాకున్న సందేహం. కార్తీకమాసంలో ఒక ఉదయం, నందిగామ దగ్గర మునేటి గట్టు మీద, మా వీధి పెద్దావిడా, మాకు నీటి పరీక్షలు నేర్పుతున్న సైన్సు టీచరమ్మా మాట్లాడుకుంటుంటే విన్నాను.

“పిన్నిగారూ, పోయిన వారం మీరు పట్టిన నీళ్ళు పచ్చగా ఉన్నాయేంటండీ?”

“చిటికెడు పసుపు వేసానమ్మా.”

“పరీక్ష సీసాలోనా?”

“ఏటి నీళ్ళు పడుతూ పసుపు వెయ్యకపోతే ఎట్లా? గంగమ్మ కదా!”

“గంగమ్మకు ఒంట్లో ఎలా ఉందో చూద్దామంటే, మీరు ముందే మందేస్తే ఎలాగండీ? పచ్చగా ఉన్నాయనే అవి పారబోసి, నిన్న మళ్ళీ పట్టించా.”

“నిన్న దణ్ణం పెట్టుకున్నానంతే, ఒట్టు. ఇంతకీ ఏం తేలింది?”

“సీసాలో పరీక్ష కాగితం ఉంది కదా, మురుగు కలిసిన నీళ్ళయితే తెల్లారేసరికి నల్లబడాలి. ఇదిగో, మీరే చూడండి.”

“నల్లబడలేదే!”

“వీధంతా కలిసి మురుక్కాలవని ఇంకుడుగుంతల్లోకి మళ్ళించాం కదండీ. అయినా ఒక్క సీసాతో అయిపోలేదు, నెలనెలా పట్టాలి.”

“పడతా. ఇవ్వాళ మునగొచ్చా మరి?”

“నిక్షేపంగా. అంత తొందరేంటి?”

“మీ బాబాయిగారికి జ్వరం తగ్గితే ఇక్కడ మునిగి దీపం వదులుతానని మొక్కా. ఆ మురుగు చూసి ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చా. ఆయన జ్వరం మర్చిపోయారు, నేను మొక్కు మర్చిపోలా.”

“ఉండండి, చెయ్యి పట్టుకుంటా. గట్టు జారుద్ది.”

పెద్దావిడ నిండా మునిగి లేచి, అరటిదొప్పలో దీపం వెలిగించి నీళ్ళలోకి వదిలారు.

“ఇచ్చేసా తల్లీ,” అన్నారు ఏటితో.